ఖాళీగా ఉందని తీసుకున్న పేరు

నందిగామ నుంచి చందర్లపాడు వెళ్ళే రోడ్డు పక్కన మాకు మిరప నారు నర్సరీ ఉంది. మాకు అంటే నాకూ, మా అక్క భర్తకూ. అంతకు ముందు నేను కంచికచర్లలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. ఆ కాలేజీ మూతబడ్డాక ఇంకో ఉద్యోగం వెతుక్కునే ఓపిక లేకపోయింది. బావ పొలంలో నీడకు షేడ్‌నెట్ వేసి, ఇద్దరం కలిసి ట్రేలలో నారు పెంచడం మొదలుపెట్టాం. బావకు మొక్క తెలుసు. ఆకు చూసి దానికి నీళ్ళు ఎక్కువయ్యాయో, ఎండ తక్కువైందో చెప్పగలడు. రైతులతో ఫోన్లో మాట్లాడటం, బండి మాట్లాడి నారు పంపించడం నా పని.

నర్సరీకి మా బావ ఇంటిపేరే పెట్టాం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు బోర్డుతో పని లేదు, బావ మొహం తెలుసు, వచ్చి ట్రేలు ఎత్తుకుపోయేవాళ్ళు. దూరపు రైతులే మా దాకా వచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు ఎవరికి నారు కావాలన్నా ముందు ఫోన్లో వెతుకుతున్నారు. అలా వెతికితే గుంటూరు వైపు నర్సరీలన్నీ కనపడేవి గానీ మా షెడ్డు కనపడేది కాదు. వెబ్‌సైటు పెడదామని నేనే అన్నాను. కాలేజీలో నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె విజయవాడలో వెబ్‌సైట్లు తయారుచేస్తుంది. ఆమెకు ఫోన్ చేశాను.

"పేరేం పెడదాం సార్?" అంది.

ఇంటిపేరు చెప్పాను. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే అది చాంతాడంత ఉంది. పైగా ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు. "ఇది ఎవరూ సరిగ్గా కొట్టలేరు సార్. చిన్నది, జనం నోట్లో ఉన్నది ఏదైనా చెప్పండి" అంది.

నేను మా ప్రాంతపు అమ్మవారి పేరు చెప్పి, పక్కన నర్సరీ అని పెట్టి చూడమన్నాను. ఆ పేరు ఇక్కడ రాయను. మా వైపు ఇంటికొకరికి ఆ పేరు ఉంటుంది. ఆ క్షణంలో నా నోటికి ఆ పేరే ఎందుకు వచ్చిందని తర్వాత ఎన్నోసార్లు నన్ను నేను అడుక్కున్నాను. భక్తి అని చెప్పుకోవచ్చు. కానీ హైవే మీద జగ్గయ్యపేట దాటుతుంటే ఎడమచేతి వైపు ఒక పెద్ద నర్సరీ ఉంది. ప్రహరీ గోడ పొడుగూతా ఆకుపచ్చ రంగుతో అదే అమ్మవారి పేరు, దాని పక్కన నర్సరీ అన్న మాట. కోదాడ వెళ్ళినప్పుడల్లా ఆ గోడ చూస్తూనే ఉన్నాను. ఆ నర్సరీ పెట్టినాయన పోయాక ఆయన భార్య నడుపుతోందని కూడా తెలుసు. మిరప వేసే రైతు మొక్క బాగుందంటే, "అమ్మవారి నారేనా?" అని అడగడం నా చెవులతో విన్నాను.

"డాట్ కామే ఖాళీగా ఉంది సార్!" అంది ఆ అమ్మాయి. ఆ గొంతులోని సంతోషం నాకూ అంటుకుంది. కాసేపాగి, "ఈ పేరుతో ఇంకో నర్సరీ ఉందా సార్? ట్రేడ్ మార్క్ సైట్లో కూడా ఒకసారి చూస్తే మంచిది" అంది.

"అమ్మవారి పేరుకి ట్రేడ్ మార్కేంటమ్మా? లారీల మీద అదే పేరు, కిరాణా కొట్ల మీద అదే పేరు."

"లారీలు వేరు సార్. మీరు అమ్మేదే వాళ్ళూ అమ్ముతుంటే..."

"ఏం కాదులే. ఎవరైనా తీసేసుకునేలోపు మనం తీసుకో" అన్నాను. ఉందా అని ఆమె అడిగిన ప్రశ్నకు నేను ఉందనీ అనలేదు, లేదనీ అనలేదు.

వెబ్‌సైటు బాగా వచ్చింది. మా షెడ్డు ఫోటో, పచ్చటి ట్రేల వరసలు, పైన అమ్మవారి పేరు, కింద నా ఫోన్ నంబరు. బావకు చూపిస్తే కళ్ళకద్దుకున్నాడు. "మంచి పేరు పెట్టావురా. ఇక అమ్మే చూసుకుంటుంది" అన్నాడు. నిజంగానే ఆ సీజన్లో ఫోన్లు మొదలయ్యాయి. మధిర నుంచి, హుజూర్‌నగర్ నుంచి, మేం పేరైనా వినని ఊళ్ళ నుంచి చేసేవాళ్ళు.

మొదట్లో ఒకాయన, "జగ్గయ్యపేట నర్సరీయేగా అండి?" అన్నాడు. "నందిగామ అండి" అన్నాను. "ఆఁ, అదేలెండి" అని ఆర్డర్ చెప్పాడు. ఆయన ఊరు తప్పు చెప్పి ఉంటాడని సరిపెట్టుకున్నాను. తర్వాత అడిగినవాళ్ళకు ఊరు పేరు చెప్పడం మానేశాను. "నారు మీ పొలానికే వస్తుందండి, మీరెక్కడికీ రానక్కర్లేదు" అనేవాణ్ణి. అందులో అబద్ధం ఏమీ లేదు. అందుకే అంత తేలిగ్గా అనగలిగాను.

ఒకరోజు పొద్దున్నే ఇంట్లో కాఫీ తాగుతుంటే ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. ట్రేలు, రకం, తేదీ అన్నీ మాట్లాడుకున్నాక, "అమ్మగారు బాగున్నారా? పోయినేడు మోకాళ్ళ నెప్పులన్నారు" అన్నాడు.

"బాగున్నారండి" అన్నాను.

ఫోన్ పెట్టేశాక మా ఆవిడ స్టవ్ దగ్గర నుంచి తిరిగి, "ఎవరండీ బాగున్నది?" అంది.

"ఎవరో రైతు. ఊరికే."

ఆమె తను పాఠాలు చెప్పే స్కూల్‌కి టైమవుతోందని బాక్సు సర్దుకుంటోంది. తెలియక జరుగుతోందని ఆ రోజు దాకా అనుకోవడానికి వీలుండేది. ఆ ఒక్క మాటతో అది పోయింది. అయినా సాయంత్రానికి ఆ ఆర్డర్ కూడా పుస్తకంలో రాసిపెట్టాను.

ఆగస్టులో వాన పట్టుకుంది. వారం పైగా ఎండ మొహం చూడలేదు. షెడ్డులో నేలంతా చిత్తడి, ట్రేలలో నీళ్ళు ఆరడం లేదు. అప్పటికి తెలంగాణ సరిహద్దు అవతల, కోదాడ రోడ్డులో ఉన్న ఒక ఊరి కౌలురైతుకు నారు పంపాల్సి ఉంది. బావ ఒక మొక్కను పైకి లాగి వేళ్ళు చూసి, "ఇంకా గట్టిపడలేదురా. నాలుగు రోజులు ఎండ తగలనియ్. మందు పోద్దాం" అన్నాడు.

"దుక్కి రెడీ చేసుకుని కూర్చున్నాడంట బావా. రోజుకు రెండుసార్లు చేస్తున్నాడు."

"చెప్పు మరి, ఆలస్యమవుద్దని."

చెబితే వేరేచోట కొనుక్కుంటాడని నా భయం. వాన కాస్త తెరిపి ఇవ్వగానే బండి పిలిచి పంపించేశాను. బావ గొణుక్కున్నాడు గానీ అడ్డం పడలేదు. బిల్లు మీద వెబ్‌సైటు పేరు అచ్చువేసి ఉంది. దాన్ని డ్రైవర్ చేతిలో పెట్టింది నేనే.

ఆ తర్వాతి ఆదివారం చెవిటికల్లులో మా చుట్టాల గృహప్రవేశం. భోజనాలకు కూర్చోబోతుంటే ఫోన్ మోగింది. ఆ రైతు నంబరే. ఎత్తలేదు. మళ్ళీ మోగింది. మొక్క పోయిందని చెప్పడానికే చేస్తున్నాడని నాకు మనసులో తెలిసిపోయింది. ఫోన్ సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకుని విస్తరి ముందు కూర్చున్నాను. పక్కన ఎవరో నదిలో నీళ్ళెక్కువ వస్తున్నాయని మాట్లాడుతున్నారు, నేనూ తలూపుతున్నాను. సాయంత్రం తిరిగి ఫోన్ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. అమ్మయ్య అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం జగ్గయ్యపేటలో ఏం జరిగిందో నాకు మర్నాడు తెలిసింది.

మర్నాడు పది గంటలప్పుడు మా షెడ్డు ముందు ఒక కారు ఆగింది. ముందు ఒక చదువుకున్న అమ్మాయి దిగింది. ఆమె చెయ్యి పట్టుకుని అరవై దగ్గర పడిన ఒకావిడ దిగింది. నేత చీర, మెడలో సన్నటి గొలుసు, మోకాళ్ళు పట్టుకుంటూ నడవడం చూడగానే ఎవరో అర్థమైంది. ఆ అమ్మాయి ఆమె కోడలు. ఆవిడ చేతిలో పేపరులో చుట్టిన పొట్లం ఉంది.

"ఈ షెడ్డు ఎవరిది?" అంది.

"నాదేనమ్మా. కూర్చోండి" అంటూ కుర్చీ లాగాను. ఆవిడ కూర్చోలేదు. పొట్లం విప్పి టేబుల్ మీద పరిచింది. వాడిపోయి నల్లబడిన మిరప మొక్కలు. కాండం నేలకు తగిలేచోట మెత్తగా కుళ్ళి ఉంది.

"ఇది నీ నారో కాదో చూసి చెప్పు."

లోపల్నుంచి వచ్చిన బావ ఒక మొక్క తీసుకుని వేళ్ళ గడ్డ నలిపి చూసి, "మనదే" అన్నాడు మెల్లగా.

"మీదేనా? అయితే నా గేటు ముందుకు ఎందుకొచ్చిందయ్యా ఇది?" ఆవిడ గొంతు పెరిగింది. "నిన్న ఆ రైతు బండి మీద వీటినేసుకొచ్చి నా గేటు ముందు చతికిలబడ్డాడు. నీకు ఫోన్ చేస్తే ఎత్తలేదంట. జగ్గయ్యపేటలో ఎవర్నడిగినా ఆ పేరు చెబితే మా ఇల్లేగా చూపించేది! నేను పంపలేదయ్యా బాబూ అంటే నమ్మడు. ఫోన్లో నా పేరు చూపించి, ఇది నీది కాదా అంటాడు. అందులో ఉన్న నంబరు గురించి మా కోడలు వాకబు చేస్తేనే నీ షెడ్డు తెలిసింది. నారెత్తుకోవడానికొచ్చిన రైతులు ట్రాక్టర్లు ఆపుకుని తమాషా చూస్తున్నారు. వాళ్ళల్లో ఇద్దరు ఎత్తిన ట్రేలు కింద పెట్టి, రేపొస్తామని పోయారు. వాళ్ళు రారు. నాకు తెలీదూ?"

"అమ్మా, ఆ రైతుకి నేను మళ్ళీ నారు..."

"నేనిచ్చి పంపా. పుణ్యానికి కాదు, నా గేటు ముందు గోల ఆగాలని."

"అయితే ఆ ట్రేలు మీకు పంపిస్తానమ్మా."

"నీ నారు నాకెందుకు?"

బావకు అంత మాట పడలేదు. "పేరు అమ్మవారిది కదమ్మా. అమ్మవారు అందరికీ తల్లే" అన్నాడు.

"అందరికీ తల్లే. వెళ్ళి కొబ్బరికాయ కొట్టుకో, ఎవరొద్దన్నారు? మిరప నారు కోసం ఆ పేరు ఎత్తితే మాత్రం జనం చూసేది మా ఆయన కష్టాన్ని. గుడికీ నర్సరీకీ తేడా నీకు తెలీదా?" అని నా వైపు తిరిగింది. "నువ్వు చదువుకున్నవాడివంటగా. నా గోడ నువ్వు చూడలేదా అబ్బాయ్?"

చూడలేదని అనబోయి కళ్ళు దించుకున్నాను. ఆవిడకు అర్థమైంది. కోడలి భుజం పట్టుకుని వెళ్ళి కారెక్కింది. మొక్కలు టేబుల్ మీదే ఉన్నాయి.

వారం తిరగకుండా విజయవాడ లాయరు నుంచి నోటీసు వచ్చింది. వాళ్ళు ఎప్పటినుంచో వాడుతున్న పేరును వాడి, మా సరుకు వాళ్ళదే అన్నట్టు అమ్ముకున్నామని, వెంటనే ఆ పేరు మానేసి వెబ్‌సైటు పేరు వాళ్ళకు అప్పగించాలని దాని సారాంశం. బావ, నేను నందిగామ కోర్టు దగ్గర తెలిసిన వకీలును కలిశాం. ఆయన చదివి కళ్ళజోడు తీశాడు.

"ఆవిడ పేరు రిజిస్టర్ చేయించుకుందా?" అన్నాను ఆశగా. ట్రేడ్ మార్క్ సైట్లో అప్పటికే వెతికాను. వెతకాల్సినప్పుడు వెతకలేదు గానీ, తప్పించుకోవడానికి మాత్రం బాగా వెతికాను. ఆవిడ పేరు అందులో లేదు.

"చేయించుకోకపోయినా ముందునుంచీ వాడుతున్నవాళ్ళకు హక్కుంటుందండి. వెబ్‌సైటు పేరు కూడా చట్టం దృష్టిలో షాపు బోర్డు లాంటిదే" అన్నాడు.

"మరి డొమైన్ కంపెనీవాళ్ళు ఆ వెబ్‌సైటు పేరు నాకు అమ్మారు కదండీ?"

"వాళ్ళు అది ఇంకెవరన్నా కొన్నారా లేదా అనేదే చూస్తారు. అది బయట ఎవరి పేరో వాళ్ళకనవసరం. అది చూసుకోవాల్సింది మీరు." కాసేపు ఆలోచించి, "అయితే దేవుళ్ళ పేర్లు ఏ ఒక్కళ్ళ సొత్తూ కాదని గట్టిగానే వాదించొచ్చు. ఎన్నాళ్ళు నడుస్తుందో చెప్పలేను గానీ, వాదించడానికి ఉంది" అన్నాడు.

బావ మొహం వెలిగింది. "వాదిద్దామండి."

"ఒక్కటడుగుతా, దాచకుండా చెప్పండి. రైతులు ఎవరైనా ఆవిడనుకుని మీకు ఫోన్ చేశారా?"

"ఒకరిద్దరు" అన్నాను.

"అప్పుడు మీరేం చెప్పారు?"

ఆయన నా వైపే చూస్తున్నాడు, బావ కూడా నా వైపు తిరిగాడు. ఫ్యాను గాలికి కేసు కాగితాలు రెపరెపలాడుతున్నాయి. నేను టేబుల్ మీది నోటీసు తీసి మడవసాగాను.

"ఆలోచించుకుని రండి" అన్నాడు వకీలు.

బయట టీ కొట్టు దగ్గర బావ గ్లాసు పట్టుకుని, "ఏమన్నావురా వాళ్ళతో?" అన్నాడు. పెద్దాయన అమ్మగారి మోకాళ్ళ నొప్పుల గురించి అడగడం, నేను బాగున్నారనడం చెప్పాను. బావ టీ పూర్తిగా తాగకుండా పారబోశాడు. "నాకు చెప్పాల్సింది" అన్నాడు. అయినా ఇంటికి వెళ్ళేలోపు మళ్ళీ కేసు నడుపుదామనే అన్నాడు. షేడ్‌నెట్ వేసింది ఆయన పొలంలో, ఆ సీజన్లో నాలుగు రాళ్ళు కనపడింది కూడా ఆ పేరు వల్లే. ఆయన్ను తప్పుపట్టలేను.

మా ఆవిడకు ఆ సాయంత్రం అంతా చెప్పాను. ఆమె విని, "ముందు ఆ రైతు దగ్గరికి వెళ్ళొచ్చారా?" అంది. నోటీసు, వకీలు, ఆవిడ, బావ, వీటి గురించే తిరుగుతున్నాను. ఆ మనిషి పొలం ఏమైందో చూడాలని నాకు తోచనే లేదు.

మర్నాడు బైక్ మీద బయల్దేరాను. జగ్గయ్యపేట దాటుతున్నప్పుడు ఆ ఆకుపచ్చ గోడ వైపు చూడకుండా ముందున్న సిమెంటు లారీ వెనక చక్రాలనే చూస్తూ నడిపాను. ఊళ్ళో అడిగితే పొలం చూపించారు. రైతు నాకంటే చిన్నవాడే. మడమల దాకా నల్లమట్టితో, మొక్కల మధ్య కలుపు తీస్తున్నాడు. నర్సరీ నుంచి వచ్చానని చెప్పగానే గట్టు మీదికి వచ్చాడు.

"అమ్మ పంపిందా సార్? రెండోసారి ఇచ్చిన నారు మంచిగనే పట్టుకుంది. కాకపోతే లేటైంది. లేటు తోటకి పురుగెక్కువ కదా, సూడాలె" అన్నాడు.

"నేను జగ్గయ్యపేట నుంచి కాదు. నందిగామ. మీరు మొదట వేసిన నారు నాది."

అతనికి వెంటనే అర్థం కాలేదు. "మీదంటే? ఆ ఫోన్ నంబరు మీదేనా? ఆదివారం చేస్తే ఎత్తలే?"

"నాదే."

"సూసిన్రా?"

"చూశాను."

అతను చేతులకున్న మట్టి రుద్దుకున్నాడు. "మరి ఆమె పేరెందుకు పెట్టుకున్నరు సార్?" అన్నాడు. కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

అమ్మవారు అందరిదీ అని, లారీల మీద ఉందని, నేను నేర్చుకున్న జవాబులు చాలా ఉన్నాయి. ఆ గట్టు మీద వాటిలో ఒక్కటీ బయటికి రాలేదు. "ఖాళీగా ఉందని" అన్నాను.

"పేరు ఖాళీగ ఉండుడేంది?"

అతను గట్టు మీద కూర్చున్నాడు. కాస్త సేపటికి మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. "అంటే ఆమె చెప్పిందే నిజమన్నట్టు. నేను పంపలే బిడ్డా, నేను పంపలే అనుకుంట మొత్తుకుంది. నేను ఇనలే. నారు ఇచ్చేసరికి, తప్పు చేసింది కాబట్టే ఇస్తుందనుకున్న. నలుగుట్ల నానా మాటలన్న సార్. మొగుడు పోయినంక మోసానికి దిగినవా అని కూడ అన్న." తలెత్తి నన్ను చూశాడు. "ఇప్పుడు ఆమె మొఖం ఎట్ల సూడాలె నేను?"

పొలం పోయిందని తిడతాడని సిద్ధపడి వెళ్ళాను, దానికేదో సమాధానం చెప్పుకునేవాణ్ణి. చేయని తప్పుకు అతను అలా కుమిలిపోతుంటే చూడటం నా వల్ల కాలేదు. "నేను అక్కడికే వెళ్తున్నాను. మీరూ రండి" అన్నాను. అప్పటిదాకా వెళ్ళాలని అనుకోనే లేదు.

అతను కాలవలో కాళ్ళు కడుక్కుని, ఇంటికి వెళ్ళి చొక్కా మార్చుకుని వచ్చాడు. నా వెనక బైక్ మీద కూర్చున్నాడు. ఈసారి జగ్గయ్యపేటలో ఆ ఆకుపచ్చ గోడ ముందే బైక్ ఆపాను.

ఆవిడ షెడ్డులో కూలివాళ్ళ మధ్య నిలబడి ట్రేలు ఎత్తిస్తోంది. మమ్మల్ని ఇద్దర్నీ ఒకే బండి మీద చూసి ఆశ్చర్యపోయింది. రైతు గబగబా వెళ్ళి చేతులు జోడించాడు.

"తెల్వక అన్న అమ్మా. నీ మీద నోరు జారిన."

"నీదేం తప్పుందిలే. కనపడ్డ పేరు పట్టుకుని వచ్చావ్. చచ్చిపోయిన మొక్క చూస్తే ఎవడికి కడుపు మండదు?" అంది ఆవిడ. "కొత్తవి పట్టుకున్నాయా? నీళ్ళెక్కువ పెట్టకు." అంటూనే అతన్ని వరండాలో కూర్చోబెట్టి కోడల్ని మజ్జిగ తెమ్మంది. అతను కళ్ళు తుడుచుకుంటుంటే అటు తిరిగి కూలివాళ్ళను కసిరింది.

నేను ఎండలోనే నిలబడ్డాను. "అమ్మా, ఆ పేరు మీకు రాసిచ్చేస్తాను. కేసు అక్కర్లేదు" అన్నాను. "ఏం చెయ్యాలో అడుగు" అని ఆవిడ కోడలితో అంది.

కోడలు లాప్‌టాప్ తెచ్చింది. వరండా మెట్ల మీద కూర్చుని నేనే అన్నీ చేశాను. నా ఖాతాలోకి వెళ్ళి డొమైన్ తాళం తీసి, వాళ్ళకు కొత్త ఖాతా తెరిచి, మార్పిడికి కావలసిన కోడ్ ఇచ్చి, మా షెడ్డు ఫోటోలూ నా నంబరూ తీసేశాను. మధ్యలో కోడలు, "ఇంత తేలికా అండీ?" అంది. "తీసుకునేటప్పుడూ ఇంతే తేలికై ఉంటుందిలే" అంది ఆవిడ లోపల్నుంచి. ఇంకెప్పుడూ ఆ పేరు వాడనని కాగితం మీద సంతకం పెట్టాను. మజ్జిగ గ్లాసు ఒకటి నా పక్కన కూడా పెట్టింది కోడలు. తాగాలనిపించలేదు. తాగకపోతే తప్పనుకుంటారేమోనని తాగాను.

"మా నర్సరీ అనుకుని ఎవరెవరు ఫోన్ చేశారో తెలుసా మీకు? ఆ రైతులు?" అంది కోడలు నేను లేస్తుంటే. ఫోన్లో ఉన్న నంబర్లన్నీ ఇచ్చాను. ఆ తర్వాత ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేసి, మీరనుకున్న నర్సరీ నాది కాదని చెప్పాను. కొందరు నవ్వేశారు. కొందరు మొక్క బాగానే ఉంది కదా, ఏముందిలే అన్నారు. మోకాళ్ళ నొప్పుల గురించి అడిగిన పెద్దాయన మాత్రం, "మరి బాగున్నారన్నారు?" అని ఫోన్ పెట్టేశాడు.

బావకు ఇంటికి వచ్చాక చెప్పాను. "నన్నడక్కుండా ఇచ్చేసావా?" అన్నాడు. కొన్నాళ్ళు నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఫోన్లు తగ్గినప్పుడల్లా, "ఇవ్వాళ ఒక్కటీ మోగలేదే" అనేవాడు నాకు వినపడేలా. అక్క ఇంటికి వెళ్ళడం కూడా నాకు ఇబ్బందిగా ఉండేది.

వెబ్‌సైటు తయారుచేసిన అమ్మాయికి మళ్ళీ ఫోన్ చేశాను. "నువ్వు ఆ రోజే చెప్పావమ్మా" అన్నాను. "పర్లేదు సార్" అంది గానీ ఆమె గొంతులో బిడియం ఉంది. తన పేరు కూడా ఆ నోటీసులోకి వస్తుందేమోనని భయపడిందని తర్వాత తెలిసింది. ఈసారి పేరు ఎంచుకోవడానికి తొందరపడలేదు. ట్రేడ్ మార్క్ సైట్లో మిరపకు, విత్తనాలకు, మొక్కలకు దగ్గరగా ఉన్న పేర్లన్నీ చూశాం. అందులో లేనివాళ్ళ కోసం నందిగామ, జగ్గయ్యపేట ఎరువుల షాపుల్లో తిరిగి, ఈ పేరుతో ఎవరైనా ఉన్నారా అని అడిగాను. చివరికి బావ ఇంటిపేరే, పక్కన మా ఊరి పేరు. చాంతాడంత ఉంది. ఎవరూ సరిగ్గా కొట్టలేకపోతున్నారు.

ఆ కౌలురైతు తోట మీద పురుగు నిజంగానే పడింది. కోత తగ్గింది. మరుసటి ఏడాది నారు నేనే ఇస్తానని వెళ్ళి అడిగాను. "వద్దు సార్, అమ్మ దగ్గరే తెచ్చుకుంట" అన్నాడు. గౌరవంగానే అన్నాడు.

పోయిన ఆగస్టులో జగ్గయ్యపేట నుంచి ఆ కోడలు ఫోన్ చేసింది. వెబ్‌సైటు పెట్టాక వాళ్ళకు ఆర్డర్లు పోటెత్తాయట, ఒక రకం నారు అయిపోయిందట. "మీ దగ్గర ఆ రకం ట్రేలు ఏమైనా ఉన్నాయా అండీ? గట్టిపడ్డవి ఉంటేనే" అంది.

ఉన్నాయి. బావ చక్కగా ఎండ తగలనిచ్చి, చూడముచ్చటగా పెంచాడు. "ఉన్నాయండి, ఎన్ని కావాలన్నా..." అంటుండగా వెనకనుంచి ఆవిడ గొంతు వినపడింది.

"ఎవరితో? నందిగామ అబ్బాయితోనా?"

"ఆ రకం వాళ్ళ దగ్గరుందంట అత్తయ్యా. రైతులు ఆగట్లేదు కదా."

"ఆగకపోతే పోనీ. లేదని చెప్పు రైతులకి. వాడి మొక్క నా గేటులోంచి బయటికి పోడానికి వీల్లేదు."

కోడలు ఇబ్బందిపడింది. "మళ్ళీ చేస్తానండీ" అని పెట్టేసింది. మళ్ళీ చేయదని తెలుసు. అయినా ఆ ట్రేలు వేరేవాళ్ళకు ఇవ్వకుండా రెండు రోజులు అలాగే ఉంచమన్నాను. బావ ఎందుకని అడగలేదు. మూడో రోజు పొద్దున చందర్లపాడు రైతు ఒకాయన ట్రాక్టర్ తెచ్చుకుని వచ్చి, మొక్క చూసి, వాటిని ఎత్తుకుపోయాడు.